సింగారం ఎవరి సొత్తు?

"జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అని సామెత. ఉన్నవాళ్లదే అందమని దాని లెక్క. మా యానాది ఇళ్లలో లెక్క వేరు. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు గుడిసె చూరులో దాస్తారు. పోగైతే సవరం అవుతుంది. నల్లదారంతో, రంగు ఊలుతో కుప్పెలు ఇంట్లోనే కడతారు. బకింగ్‌హాం కాలువ పక్క ఇసుక దిబ్బల్లో మొగలిపువ్వు దొరికితే, ముళ్లకు ఓర్చి తెచ్చి, రేకులు మడిచి జడలో కుడతారు. కొన్నవి దారమూ ఊలూ మాత్రమే.

అయినా రొయ్యల గుంట పనికి పోయే ఆడమనిషి పూలు పెట్టుకుంటే, "తిండికి లేదంటూ ఈ సోకులేంటి?" అంటారు. సాయం అడగబోతే ముందు తలవంక చూస్తారు. పేదవాళ్లు పేదగా కనబడాలట! నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చి, పుట్టుకను బట్టే మనుషుల్ని దొంగలంది. 1952 నాటికి దేశమంతటా రద్దయింది. మనిషిని చూడగానే తీర్పు చెప్పే అలవాటు మాత్రం రద్దు కాలేదు.

కడుపు నిండాకే సింగారమంటే, తరతరాలుగా కడుపు నిండనివాళ్లు ఎన్నటికీ చింపిరితలతోనే ఉండాలా? కూలి గిట్టుబాటు కావాలని అడిగేదీ, జడలో మొగలిరేకు పెట్టుకునేదీ ఒకే మనిషి. ఒకటి కావాలంటే రెండోది వదులుకోమనడం న్యాయం కాదు.