ఇంటికి పిట్టగోడ

మూలవాక్యము: ద్వితీయోపదేశకాండము 22:8



మోషే ధర్మశాస్త్రములో బలులను గూర్చియు పండుగలను గూర్చియు మాత్రమే గాక, ఇల్లు కట్టుకొనువానిని గూర్చియు ఒక ఆజ్ఞ కలదు. క్రొత్తగా ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టును పిట్టగోడ పెట్టించుకొనవలెననియు, అది లేనందున ఎవడైనను పడి చచ్చినయెడల ఆ దోషము ఆ యింటివారిదే యగుననియు ఆ వచనము యొక్క భావము. ఆ దేశమున మిద్దె అనునది ఉత్త కప్పు కాదు. అది కాపురములో ఒక భాగము. రాహాబు వేగులవారిని దాచినది మిద్దెమీదనే. పేతురు ప్రార్థన చేసికొనుటకు ఎక్కినది మిద్దెమీదికే. పిల్లలును పెద్దలును తిరుగాడు చోటు గనుక గోడ అవసరమాయెను.

ఇక్కడ ఒక సంగతి గమనించుడి. కాపాడువాడు దేవుడే. అయినను ఆయన ఇంటివానితో, నన్ను నమ్మితివి గనుక నీకు గోడతో పనిలేదని చెప్పలేదు; గోడ కట్టుమనియే చెప్పెను. ఆ గోడ కట్టుట విధేయతలో చేరినది, పొరుగువాని ప్రేమలో చేరినది.

ఈ నెల ఈ వచనమును ఏల తీసికొంటిమనగా, గృహదర్శనములకు వెళ్లినప్పుడు సంఘస్థులు ఒక ప్రశ్న మమ్మును తరచుగా అడుగుచున్నారు. ఇంటికిని ఇంటిలోని సామానునకును ఇన్స్యూరెన్సు చేయించుకొనవచ్చునా? అది అవిశ్వాసము కాదా? చేయించుకొనవచ్చునన్నయెడల అనేక కంపెనీలలో దేనిని ఎంచుకొనవలెను? మూడు సంగతులు మీ ముందుంచుచున్నాము.

మొదటిది: పిట్టగోడ అవిశ్వాసము కాదు

దేవాలయ శిఖరమునుండి దుముకుమని సాతాను చెప్పినప్పుడు మన ప్రభువు దుమకలేదు. దూతలు కాపాడుదురను వాగ్దానము ఉన్నదని తెలిసియు, తండ్రిని శోధింపనొల్లలేదు (మత్తయి 4). రాబోవు కరవును ఎరిగిన యోసేపు, సమృద్ధియైన ఏడేండ్లలో పంటలో అయిదవ భాగము కొట్లలో చేర్పించెను (ఆదికాండము 41). దానిని ఎవరు అవిశ్వాసమందురు? అది ఐగుప్తునకు అన్నము, యాకోబు కుటుంబమునకు ప్రాణము.

సంఘ చరిత్రయు ఇట్లే చెప్పుచున్నది. స్కాట్లండు దేశమున కాపరులు చనిపోయినప్పుడు వారి భార్యాబిడ్డలు దిక్కులేనివారగుట చూచి, రాబర్టు వాలెస్, అలెగ్జాండరు వెబ్‌స్టరు అను ఇద్దరు కాపరులు 1744లో విధవలకొరకు ఒక నిధి ఏర్పరచిరి. ఏటేట ఎందరు కాపరులు చనిపోవుదురో, ఎందరు విధవలు మిగులుదురో లెక్కకట్టి, ఒక్కొక్కరు ఎంత చెల్లింపవలెనో నిర్ణయించిరి. నేటి జీవిత బీమాకు పునాది వేసినవారిలో ఈ ప్రార్థనాపరులును ఉన్నారు. ఇండ్ల బీమాయో, 1666లో లండను నగరము కాలిపోయిన పిమ్మట పుట్టినది.

మన తీరమునకు అగ్నికంటె గాలియు నీరును ఎక్కువ భయము. 1977 నవంబరు 19న దివిసీమమీదికి సముద్రము లేచి వేలాది ప్రాణములను తీసికొనిపోయెను. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటలు నేలకూలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును కొట్టెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమును ముంచెను. ఈ కడపటిదానిలో ఎన్నో ఇండ్ల గోడలు నిలిచియే యున్నవి. గాని లోపలనున్న మంచములు, పరుపులు, ఫ్రిజ్జులు, కుట్టుమిషనులు, పిల్లల పుస్తకములు బురదపాలైనవి. ఇల్లు నిలిచినను కాపురము చెడవచ్చునని దీనివలన తెలిసికొందుము.

అట్టి దినము తరువాత ఏమగును? ప్రభుత్వ సహాయము కొంత వచ్చును, సంఘము కొంత ఇచ్చును. మిగిలినది వడ్డీకి తెచ్చుకొందురు. ఒక రాత్రి వచ్చిన నీరు నాలుగు దినములలో తీసిపోవును. నూటికి మూడు రూపాయల వడ్డీ పదియేండ్లైనను తీసిపోదు. ఆ అప్పుక్రింద కుమార్తె చదువు ఆగిపోవును. పిట్టగోడ లేని మిద్దెనుండి పడునది చాలమారులు ఇంటిలోని చిన్నవారే సుమా!

మన స్త్రీల సమాజమువారు వంటకు ముందు ఒక పిడికెడు బియ్యము కుండలో వేయుట మీరెరుగుదురు. ఆ పిడికెడు ఏ ఇంటికిని లోటు కాదు. గాని నెలాఖరునకు అది మూటయగును. ఇన్స్యూరెన్సు పనిచేయు విధమును ఇంతే. అనేకులు కొంచెము కొంచెముగా చెల్లింతురు. నష్టపడినవానికి దానిలోనుండి ఇచ్చెదరు. అయితే పిడికెడు బియ్యము ప్రేమకార్యము, ఇది వ్యాపారము. కాబట్టి వ్యాపారమునకు తగిన మెలకువ కావలెను.

రెండవది: కొలత చూచి గోడ కట్టవలెను

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనునని ప్రభువు సెలవిచ్చెను (లూకా 14:28). బీమా కొనువాడును అట్లే కూర్చుండవలెను.

మన దేశమున బీమా కంపెనీలపైనున్న నియంత్రణ సంస్థ, హైదరాబాదులో ప్రధాన కార్యాలయము గలది, 2021 ఏప్రిల్ 1 నుండి ‘భారత్ గృహ రక్ష’ అను ఒకే తీరు పాలసీని ఇండ్లకొరకు ఏర్పరచెను. అగ్ని, పిడుగు, తుఫాను, వరద, భూకంపము మొదలగువాటివలన కలుగు నష్టము దీనిలో చేరును. ఏ కంపెనీవద్ద కొన్నను మూల షరతులు ఒక్కటే గనుక, సామాన్యుడు పోల్చి చూచుకొనుట సులువాయెను. పోల్చవలసినవి ఇవి: ప్రీమియం ఎంత? మొదట మనమే భరింపవలసిన మొత్తము ఎంత? అదనముగా ఏమేమి చేర్చుకొనవచ్చును? క్లెయిము వచ్చినప్పుడు సర్వేయరును త్వరగా పంపుదురా? చుట్టుప్రక్కల నష్టపరిహారము పొందినవారిని విచారించినయెడల ఈ కడపటి ప్రశ్నకు జవాబు దొరకును. తక్కువ ప్రీమియం ఒక్కటే చూచి సంతకము పెట్టువాడు, ఎత్తు చూడక గోడ బేరమాడినవానివంటివాడు.

ఇంటికి ఎంత మొత్తము వ్రాయింపవలెను? స్థలము వెల చేర్చకూడదు. స్థలమును గాలి ఎత్తుకొనిపోదు. ఇల్లు తిరిగి కట్టుటకు ఎంతయగునో అంతయే. ఉదాహరణకు, 800 చదరపు అడుగుల ఇల్లు అడుగునకు 1,500 రూపాయల చొప్పున కట్టవలసివచ్చిననుకొందము. అప్పుడు 12,00,000 రూపాయలు. ఈ పాలసీలో ఇంటి మొత్తములో నూటికి 20 వంతులు, 10 లక్షలకు మించకుండ, సామానునకు దానంతట అదే చేరును. కాబట్టి పై ఇంటిలోని సామానునకు 2,40,000 రూపాయలు. అది చాలనియెడల జాబితా ఇచ్చి హెచ్చించుకొనవచ్చును. అద్దె ఇంటిలోనున్నవారు సామానునకు మాత్రమే తీసికొనవచ్చును. సంఘపు ఇంటిలో కాపురముండు మావంటి కాపరులకు ఇది అనుకూలము. గోడలు సంఘమువి, గిన్నెలు మావి.

తక్కువ మొత్తమునకు వ్రాయించినయెడల ఏమగును? ఇతర పాలసీలు కొన్నిటిలో 12 లక్షల ఇంటిని 6 లక్షలకే వ్రాయించినయెడల, 2 లక్షల నష్టమునకు 1 లక్షయే ఇచ్చెదరు. సగము గోడకు సగము కాపుదల. భారత్ గృహ రక్షలో అట్టి కోత లేదు. అయినను ఇల్లంతయు కూలినప్పుడు వ్రాయించిన మొత్తమునకు మించి రాదు.

ఏమి చేరవో కూడ చదువుడి. పోపులడబ్బాలో దాచిన నోట్లకు పరిహారము లేదు. బంగారు నగలకు వేరుగా కోరి చేర్పించుకొనవలెను. దొంగతనము సంగతి మరి జాగ్రత్త: తుఫానువంటి ఉపద్రవము జరిగి, దాని కారణముగా ఏడు దినములలోపల జరిగిన దొంగతనము మాత్రమే ఈ పాలసీలో చేరును, మామూలు కన్నపు దొంగకు వేరే పాలసీ కావలెను. పాతబడి కారుచున్న కప్పునకు ఎవరును డబ్బియ్యరు. తాటాకు ఇల్లయినను, పనులకొరకు హైదరాబాదో గల్ఫుదేశమో వెళ్లి నెలల తరబడి తాళము వేసియుంచు ఇల్లయినను, ఆ సంగతి ముందే చెప్పి షరతు ఏమిటో వ్రాతమూలముగా తెలిసికొనుడి. బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకొన్నవారు, తమకిచ్చిన బీమా కాగితము ఇంటిదో, అప్పు తీసికొన్నవాని ప్రాణముదో విప్పి చూచుకొనవలెను. రెండును ఒకటి కావు.

యిర్మీయా అనాతోతు పొలమును పదునేడు తులముల వెండికి కొన్నప్పుడు, సాక్షులయెదుట క్రయపత్రము వ్రాయించి, అది బహుదినములు చెడకుండునట్లు మట్టికుండలో దాచుమని బారూకునకు చెప్పెను (యిర్మీయా 32). మనమును పాలసీ కాగితమును, సామాను జాబితాను, బిల్లులను తడి తగులని చోట ఉంచవలెను. ప్రతి గదికి ఫోటో తీయించి, వేరే ఊరనున్న బంధువులకు ఒక ప్రతి పంపి యుంచుట మంచిది. నీరు ఇంటితోపాటు జాబితాను కూడ తీసికొనిపోయినయెడల ఏమి చూపుదుము? నష్టము జరిగిన వెంటనే కంపెనీకి తెలుపవలెను. సర్వేయరు చూచువరకు పాడైన వస్తువులను పారవేయకూడదు. అన్యాయము జరిగినయెడల కంపెనీకి వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసి, అప్పటికిని తీరనియెడల బీమా అంబుడ్స్‌మన్‌కు మొరపెట్టుకొనవచ్చును. దానికి రుసుము లేదు.

మూడవది: గోడలో అబద్ధపు ఇటుక ఉండకూడదు

ఇది మా హృదయమునకు భారమైన సంగతి. వరద వచ్చిన తరువాత, “లేని టీవీ కూడ వ్రాయుడి, కంపెనీ సొమ్మేగదా” అని చెప్పు సలహాదారులు ఊరూర లేచుదురు. ప్రియులారా, అది కంపెనీ సొమ్ము కాదు. అది మీవలెనే ఏటేట ప్రీమియం కట్టిన కూలివాని సొమ్ము, విధవరాలి సొమ్ము. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతల గ్రంథము బోధించుచున్నది. త్రాసు అంగటిలోనున్నను, క్లెయిము ఫారములోనున్నను ఆయన కన్ను ఒక్కటే. అననీయ సప్పీరాలు పొలము అమ్మిన సొమ్ములో కొంత దాచుకొన్నందుకు కాదు, అబద్ధమాడినందుకే నశించిరి (అపొస్తలుల కార్యములు 5). పైగా ఇంటి కొలతలోగాని కట్టడపు తీరులోగాని అబద్ధము వ్రాయించినయెడల, అవసరకాలమున ఆ అబద్ధమే పాలసీని చెరుపవచ్చును. అబద్ధపు ఇటుక పెట్టిన గోడమీద చేయి వేసినవాడు గోడతోకూడ పడును.

కడపటి మాట. పిట్టగోడ పునాది కాదు. ధనవంతుడైన ఆ వెఱ్ఱివాడు కొట్లు పెద్దవి చేసికొనెను గాని, ఆ రాత్రియే ప్రాణమియ్యవలసివచ్చెను (లూకా 12). పాలసీ ఇల్లు తిరిగి కట్టించును. కూలిన మనస్సును కట్టింపలేదు. క్రీస్తు మనకొరకు చేసిన విమోచనకు ఏటేట ప్రీమియం లేదు. అది ఒక్కసారియే, ఆయన రక్తముతో చెల్లింపబడినది. ఆ బండమీద ఇల్లు కట్టుకొన్నవాడే వరద దినమున నిలుచును. బండమీద కట్టుకొన్నవాడు పిట్టగోడను తృణీకరింపడు. పిట్టగోడ కట్టుకొన్నవాడు బండను మరువకూడదు.

మరియు మనలో ప్రీమియం కట్టుకొనలేనివారును, తమ పేర ఇంటి కాగితము లేనివారును ఉన్నారు. వారికి పిట్టగోడ మనమే. పెద్దలు తుఫాను కాలమునకు ముందే సంఘపు నిధిలో వారికొరకు కొంత ప్రత్యేకింతురుగాక. చదువుకొన్న యౌవనస్థులు ఆదివారము ఆరాధన తరువాత కూర్చుండి, చదువురాని పెద్దలకు పాలసీ షరతులు చదివి వినిపింతురుగాక, జాబితాలు వ్రాసిపెట్టుదురుగాక. ఒకరి భారమును ఒకరు మోయుట క్రీస్తు నియమమైయున్నది (గలతీ 6:2).

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా యిండ్లు నీవిచ్చినవి. వాటిలోని చిన్నవారు పడిపోకుండ మేము కట్టవలసిన గోడను కట్టుకొనుటకు బుద్ధి దయచేయుము. మా లెక్కలలో సత్యమును, మా చేతులలో ఔదార్యమును ఉంచుము. గాలి వీచు రాత్రి మా నిరీక్షణ కాగితముమీద కాక నీమీదనే నిలుచునట్లు అనుగ్రహింపుము. క్రీస్తు యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.