సాయంత్రం అయిదు గంటల పనివారు



మీ ఇంట్లో బీరువా మీదనో ట్రంకుపెట్టె అడుగుననో ఒక పాత ఆల్బం ఉండే ఉంటుంది. అమ్మానాన్నల పెళ్ళి, పెద్దపిల్ల జ్ఞానస్నానం, మొదటి సత్ప్రసాదం నాటి తెల్లగౌను, కాజీపేట ఫాతిమా మాత ఉత్సవానికి వెళ్ళినప్పుడు గుడి ముందు వరుసగా నిలబడి తీయించుకున్న ఫోటో. ఒకసారి తిప్పి చూడండి. అందరూ ఉంటారు, ఒక్కరు తప్ప. ఆ ఫోటోలు తీసినాయన ఎక్కడా కనిపించడు.

ఈ వారం ఆయన గురించే.

ఆయన పెళ్ళికి వస్తే సంచిలో రెండో మూడో రీళ్ళు. రీలుకు 36 బొమ్మలు. మన దేశంలోనే తయారైన ఆగ్ఫా క్లిక్ 3 అయితే 12 మాత్రమే. ఉంగరాలు తొడిగే క్షణం జారిపోయిందంటే మళ్ళీ రాదు. అందుకని పీఠానికి అడ్డం రాకుండా స్తంభం పక్కన నిలబడి, ఊపిరి బిగబట్టి నొక్కేవాడు. బొమ్మ వచ్చిందో లేదో ఆయనకూ తెలియదు. ఫిల్ము మీది వెండి లవణాలను వెలుగు తాకిన మాట నిజమే, కాని కంటికి ఏమీ కనబడదు. చీకటి గదిలో డెవలపర్‌లో ముంచి, హైపోలో ఉంచి, నీళ్ళలో కడిగి, తీగకు ఆరవేసిన తరువాత గాని గుండె కుదుటపడేది కాదు. విశ్వాసమంటే ఏమిటో ఉపదేశం పిల్లలకు చెప్పడానికి నాకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకలేదు. ఇప్పుడైతే నెగటివ్ అంటే ఏమిటో ముందు చెప్పవలసి వస్తోంది!

ఆ పని ఒక్కరోజులో పోలేదు. ఫిల్ము అమ్ముకొని బ్రతికిన కోడక్ కంపెనీలోనే 1975లో స్టీవెన్ సాసన్ అనే ఉద్యోగి ఫిల్ము అక్కరలేని కెమెరా తయారుచేశాడు. ఆ కంపెనీయే 2012లో దివాలా పిటిషన్ వేసింది. నికాన్ 2006లో రెండు మినహా తన ఫిల్ము కెమెరాలన్నీ ఆపేస్తానన్నది. మిగిలినవాటిలో ఎఫ్6 కూడా 2020లో నిలిచిపోయింది. తన చివరి ఫిల్ము కెమెరా అమ్మకం ముగిసిందని కానన్ 2018లో చెప్పింది. మనకు దగ్గరి కథ ఊటీది. కేంద్ర ప్రభుత్వం 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుంచి ‘ఇందు’ పేరుతో ఫిల్ము తయారుచేసింది. ఆసుపత్రుల ఎక్స్‌రే ఫిల్ములు కూడా అక్కడివే. 1990ల నడిమికి అది ఖాయిలా పడింది. యంత్రాలకు తుప్పు పడితే పత్రికలు రాస్తాయి. ఇంటికి వెళ్ళిన కార్మికుడు మరుసటి ఉదయం ఏం చేశాడో ఎవరు రాస్తారు?

వరంగల్లు బిడ్డ భరత్ భూషణ్ గారు తెలంగాణ పల్లెలను, బతుకమ్మలను కెమెరాలో నిలిపి 2022లో కన్నుమూశారు. ఆయనకు పేరు దక్కింది, సంతోషం. పెళ్ళి ఫోటోలు తీసినవారికి ఆ పేరూ లేదు.

మా విచారణలో అటువంటి పెద్దాయన ఒకరున్నారు. విచారణ జూబిలీకి నేనూ కమిటీవారూ కలిసి డ్రోను కెమెరా ఉన్న పార్టీని మాట్లాడుకున్నాం. పూజలో ఆయన చివరి బెంచీలో కూర్చున్నారు, చేతులు ఒళ్ళో పెట్టుకొని. తరువాత పలకరిస్తే నవ్వి, “ఇప్పుడు నాతోని పనేమున్నది ఫాదర్? అందరి చేతులల్ల కెమెరాలే” అన్నారు. మేము ఆయన కూలి ఎగ్గొట్టలేదు. పిలవలేదు, అంతే. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మత్తయి సువిశేషం 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట యజమానిని గుర్తుచేసుకోండి. సాయంత్రం అయిదు గంటలకు కూడా సంతలో నిలబడి ఉన్నవారిని ఆయన అడుగుతాడు. ఎవరూ తమను పనికి పెట్టుకోలేదని వారి జవాబు. మనం ఎప్పుడూ కూలి లెక్క దగ్గర ఆగి, గంట పనికి పూర్తి కూలి న్యాయమేనా అని తగవు పడతాం. పొద్దున్నించీ ఆ సంతలో నిలబడటం ఎంత బరువో ఆలోచించం. 1981లో శ్రమను గూర్చి రాసిన విశ్వలేఖలో రెండవ జాన్ పాల్ పోపుగారు పని విలువను చేసే మనిషినిబట్టి చూడమన్నారు. ఆ లేఖ మీద నేను గురువులకు తరగతి కూడా తీసుకున్నాను. జూబిలీ కమిటీలో మాత్రం అది గుర్తుకు రాలేదు.

ఈ మధ్య ఒక కాలేజీ కుర్రవాడు తాతగారి యాషికా పట్టుకొచ్చాడు. ఫిల్ము కెమెరా మళ్ళీ యువతకు ముచ్చటైందట. 2024లో పెంటాక్స్‌వారు కొత్తది విడుదల చేశారు కూడా. రీలు ఎక్కించడం మాత్రం వాడికి రాదు. నేను వాణ్ణి పెద్దాయన ఇంటికి పంపాను.

వచ్చే ఆదివారం పూజ ముగిశాక ఇద్దరూ గుడి మెట్ల మీద కనిపించారు. ఆయన చెబుతున్నారు, వాడు తిప్పుతున్నాడు. చివరకు కుర్రవాడు ఆయన్నే నిలబడమన్నాడు. నలభై ఏళ్ళు అందరినీ సరిగా నిలబెట్టిన మనిషికి తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒకసారి వెనక్కి కట్టుకున్నారు, ఒకసారి జేబులో పెట్టుకున్నారు.

రీలు ఇంకా కడగలేదు. మందుల కోసం హైదరాబాదుకు చెప్పి పంపారు.