కాలం చేసిందా, రాజు చేశాడా

మా హెచ్.ఇ.సి. రెండో సంవత్సరం పిల్లలకు 1876–78 కరువు గురించి ప్రశ్న ఇస్తే ‘కారణాలు’ అని గీత గీసి వరసపెట్టి రాసేస్తారు. వానలు ముఖం చాటేశాయి, ధరలు మండిపోయాయి, పనులు దొరకలేదు, బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లో సుమారు 55 లక్షల మంది చనిపోయారు. ఒక్కటీ తప్పు కాదు, మార్కులు వేయాల్సిందే. అయితే ఆ జవాబులో చచ్చిపోవడానికి తప్ప మనిషి కనిపించడు. వాన చేసింది, ధర చేసింది, అంతే.

రాజకీయ, ఆర్థిక మార్పులను పాఠంగా చెప్పేవాళ్లకు ఇది తప్పించుకోలేని చిక్కు. కారణాలు చెప్పకపోతే చరిత్ర కాదు. పూర్తిగా కారణాలే చెబితే ఎవరి తప్పూ లేదన్నట్టు తేలుతుంది. శాంతిపర్వంలో అంపశయ్య మీది భీష్ముడు ధర్మరాజుకు ఈ సంగతే చెబుతాడు. కాలం రాజును తయారుచేస్తుందా, రాజు కాలాన్ని తయారుచేస్తాడా అన్న సందేహమే వద్దంటాడు, కాలానికి కారణం రాజేనంటాడు. నాకు ఈ మాట మీద నమ్మకం ఉంది. కాకపోతే క్లాసులో దాన్ని నమ్మకంగా చెబితే సరిపోదు, ఎక్కడో ఒకచోట పట్టి చూపించాలి.

నేను చెప్పేది కర్నూలు జిల్లా పిల్లలకు. బళ్లారి, కడపలతో పాటు ఆ కరువు ఘోరంగా కొట్టిన జిల్లా ఇది. దానికి ధాత కరువన్న పేరుంది, కొందరి ఇళ్లలో ముసలివాళ్లు ఇప్పటికీ ఆ పేరు గుర్తుపడతారు. ఆ పాఠం రోజు నేను 450 గ్రాముల జొన్నలు తూకం వేయించుకుని కవరులో తీసుకెళ్తాను. ఒక పౌను. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనికి వచ్చిన మగమనిషికి రోజంతా మట్టి తవ్వితే ఇవ్వమన్నది ఇంత ధాన్యమూ, పైన ఒక అణా. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. కవరు బెంచీ బెంచీకీ తిరుగుతుంది. మొదట్లో ‘చాలానే ఉందే’ అంటారు. తర్వాత లెక్క మొదలవుతుంది. ఒకసారి చివరి బెంచీ అమ్మాయి, “మేడం, మా నాయన కూలికి పోయొచ్చిన రాత్రి ఒక్క పూటే నాలుగు రొట్టెలు తింటాడు. ఇది పగటికీ రాత్రికీ ఎట్ల సరిపోతాది?” అంది. ఆ గింజల్లో పదహారు వందల కేలరీలకు మించి ఉండవని నేను బోర్డు మీద రాసేది ఆ తర్వాతే. అణా పెట్టి ఇంకొంచెం కొందామంటే ధరలు ఆకాశంలో ఉన్నాయి.

ఇక్కడే అసలు విషయం చెబుతాను. ఈ టెంపుల్ గుండె రాయి చేసుకుని పుట్టినవాడేం కాదు. మూడేళ్ల ముందు, 1874లో, బీహార్‌లో కరువు వస్తే ఇతనే బర్మా నుంచి దాదాపు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు. ఆకలి చావులు బహు కొద్ది. దానికి ఇతనికి దక్కింది మెప్పు కాదు, దుబారా చేశాడన్న నింద. మద్రాసుకు వచ్చేటప్పటికి ఖజానాకు ఎంత మిగిల్చాడన్నదే అతని పనికి కొలత. ఒకే మనిషి, ఒకే సామ్రాజ్యం, చేతిలో ఓడలూ రైళ్లూ రెండుసార్లూ ఉన్నాయి. మొదటిసారి గింజ కదిలింది. రెండోసారి, ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్న సిద్ధాంతం గెలిచింది. దేశం నుంచి గోధుమల ఎగుమతీ ఆగలేదు.

మరి ఆ రోజుల్లో అందరి బుద్ధీ అంతేనేమో అని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. అప్పుడు మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గురించి చెబుతాను. అతనూ ఇంగ్లీషువాడే, అదే సర్కారు జీతగాడే. పౌను గింజలతో మట్టిపని చేసే మనిషి బతకడని, కనీసం పౌనున్నర కావాలని, పప్పూ కూరగాయలూ ఉండాలని పట్టుబట్టాడు. 1877లోనే మద్రాసు ప్రభుత్వం ఆ కూలిని కొంత పెంచాల్సి వచ్చింది. అదే కాలంలో, అదే సర్కారులో ఇద్దరు మనుషులు రెండు తూకాలు చెప్పారన్నమాట. కాలమే అన్నీ చేయిస్తే రెండో తూకం ఎక్కడిది?

“మా జేజి వాళ్ల కర్మ అంటుంది మేడం” అనే పిల్లలూ ఉంటారు. నేను కర్మ సిద్ధాంతాన్ని కొట్టిపారేసే మనిషిని కాను, రోజూ దీపం పెట్టుకునేదాన్నే. నాకు అర్థమైనంతలో కర్మ అన్నది నేను చేసే పనికి నన్ను బాధ్యురాలిని చేసే మాట. ఎదుటివాడి ఖాళీ కడుపుకు కారణం చెప్పడానికి దాన్ని వాడితే, గంజి కేంద్రం ముందు నిలబడి వెనక్కి పంపినవాడి కర్మ లెక్కలోకి రాకుండా పోతుంది. ఆ వాడకం భక్తి అని నేను ఒప్పుకోను.

భీష్ముడి దగ్గర ఇంకో మాట కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి పాఠం చెప్పడం న్యాయం కాదు. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు దీవెన కోసం వస్తే, మనిషి అర్థానికి దాసుడని, కౌరవుల సొమ్ము తనను కట్టేసిందని ఆయనే చెప్పుకున్నాడు. తిన్న ఉప్పు మనిషిని ఎటు లాగుతుందో ఆయనకు తెలిసినంతగా ఏ ఆర్థికశాస్త్రవేత్తకూ తెలియదు. టెంపుల్‌ను కూడా అదే లాగింది: పై అధికారుల మెప్పు, ముందున్న పదవి. ఆ లాగుడును నేను పిల్లలకు పూర్తిగా వివరిస్తాను, తక్కువ చేసి చెప్పను. కానీ అర్థానికి దాసుణ్ణన్న మనిషే బాణాల మీద పడుకుని, కాలానికి కారణం రాజేనన్నాడు. ఆ మొదటి మాట నిండు సభలో ద్రౌపదిని ఈడ్చుకొచ్చినప్పుడు తాను అడ్డుకోకపోవడానికి సాకుగా చెల్లదని ఆయనకు తెలియకుండా ఉంటుందా?

ఈ ఏడాది పాఠం అయ్యాక ఆ చివరి బెంచీ నుంచే ఇంకో ప్రశ్న వచ్చింది. లిట్టన్‌ను, టెంపుల్‌ను అన్నాం సరే, ధర ఇంకా పెరుగుతుందని గింజలు దాచుకున్న మన ఊళ్ల షావుకార్ల సంగతేంటని. ఆ గదిలో కొట్లు ఉన్నవాళ్ల పిల్లలూ ఉన్నారు, ఒకడు లేచి, “నష్టానికి ఎవరు అమ్ముతారు మేడం?” అన్నాడు. ఇద్దరినీ రాయమన్నాను: ఆ షావుకారు ఏ రోజున, ఏ ధర దగ్గర, ఇంకేం చేయగలిగి ఉండేవాడో. ‘కారణాలు’ అన్న శీర్షిక ఉండనివ్వండి, దాని కింద మనుషులు కూడా ఉండాలి అన్నాను.