చర్మవర్ణము – సూక్ష్మదర్శిని

పెండ్లిచూపుల మాట వచ్చినప్పుడు మన యిండ్లలో మొదట పుట్టు ప్రశ్న "పిల్ల చాయ యెట్టిది?" అన్నది. చదువు, గుణము, ఆరోగ్యము దాని తరువాతివి. పిల్ల నల్లనిదైనచో "నలుపు నారాయణుడు మెచ్చు" నని పెద్దలు ఓదార్తురు. నారాయణుడు మెచ్చినను వియ్యపురాలు మెచ్చదని ఓదార్చువారికిని తెలియును. ఇక ఆ చర్మముపై కాసంత తెల్లని మచ్చ కానవచ్చెనా, ఆ ఓదార్పుమాటయు నుండదు. తలుపులు మూసికొని గుసగుసలాడుట మాత్రమే మిగులును. మనుష్యుని విలువను వాని చర్మముపై చదువవచ్చునన్న యీ నమ్మకము ప్రాచీనమైనది, గట్టిది. దీనిని సూక్ష్మదర్శినిక్రింద పెట్టి పరీక్షింపవలెనని మా యుద్దేశము. ఆ పరీక్షలో మేము పదిలముగా దాచుకొన్న నమ్మక మొకటి కూడ పగిలినది. దానిని మరుగుపరుపక చెప్పెదము.

కొన్నియేండ్ల క్రిందట మేము పనిచేయు పాఠశాలలో పదియేండ్ల బాలు డొకడుండెను. వాని నోటి కుడికొసయందు తెల్లని మచ్చ బయలుదేరి, రెండు నెలలలో రూపాయిబిళ్ళంత యైనది. తోడి పిల్లల తండ్రులు ముగ్గురు వచ్చి, "వాని ప్రక్కను మావాడు కూర్చుండుట మాకిష్టము లేదు" అనిరి. ఆ మచ్చ యేమో విచారింపక, వైద్యు నడుగక, మేము బాలుని కిటికీకడ నున్న కడపటి బల్లకు మార్చితిమి. వాడు పుస్తకముల సంచి తీసికొని, మారుమాటాడక పోయి కూర్చుండెను. నాలుగు దినము లట్లు గడచినవి. మేము సంస్కృతము చదివినవారము, ఇంగ్లీషు చదివినవారము; ఆ నాలుగు దినములును ఆ రెండు చదువులలో నొక్కటియు మాకు అక్కరకు రాలేదు.

ఐదవ దినమున సిగ్గు కలిగి, బాలుని తండ్రితోకూడ చర్మవైద్యునియొద్దకు పోయితిమి. ఆయన బాలుని కన్నులు మూసికొనుమని, మచ్చను దూదిపింజతో తాకి, "ఎక్కడ తాకితినో చూపుము" అనెను. బాలుడు ప్రతిసారియు తప్పక చూపెను. పిమ్మట మచ్చ అంచున సున్నితముగా గీకి, రాలిన పొట్టును గాజుపలకపై నుంచి, పొటాషు ద్రావణపు బొట్టు వేసి, సూక్ష్మదర్శినిక్రింద పెట్టెను. మమ్మును గూడ చూడనిచ్చెను. పలుచని గాజుపెంకులవంటి పొరలు తప్ప నందు మరేమియు లేదు. "బూజు లేదు, స్పర్శ యున్నది, ఇది బొల్లి. ఒకరినుండి యొకరికి అంటునది కాదు" అని చెప్పి మందు వ్రాసియిచ్చెను.

కంటికి మచ్చ యొక్కటియే. కాని దాని వెనుక మూడు వేర్వేరు కారణము లుండవచ్చును. అది శోభియైనచో, గీకిన పొట్టులో బూజుజాతి జీవి పొట్టి దారపుముక్కలవలెను, గుండ్రని గింజల గుత్తులవలెను కనబడును, పూతమందుతో పోవును. బొల్లియైనచో, దేహమును కాపాడవలసిన శక్తియే పొరబడి, చర్మమునకు రంగునిచ్చు కణములను ఆ చోట నశింపజేసియుండును. కుష్ఠమైనచో, మచ్చ పాలిపోయినట్లుండునేగాని సున్నమువలె తెల్లబడదు, స్పర్శ తగ్గును, చెవితమ్మెనుండియో మచ్చనుండియో చిన్నగాటుతో తీసిన ద్రవమునకు రంగు పట్టించి చూచినచో, కొందఱియందు నీలపు నేలపై ఎఱ్ఱని పుల్లలవంటి రోగబీజములు కానవచ్చును. బీజములు మిక్కిలి తక్కువగా నున్నవారియందు అవి కంటబడకపోవచ్చును గనుక వైద్యుడు దూదిపింజను విడువడు. ఇట్లు మూడు కారణములు, మూడు చికిత్సలు. మన వీధిలో మాత్రము మూటికిని ఒకటే గుసగుస.

ఇక చర్మపు సహజవర్ణము మాట. చర్మపు పైపొర దేహమునం దనేకస్థలముల మిల్లీమీటరులో పదవవంతు మందము మాత్రమే. 1665లో ఇటలీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు మార్చెల్లో మాల్పీగీ నల్లని చర్మమును పరిశీలించి, నలుపు మీది పెచ్చునందును లేదు, క్రింది దట్టపు చర్మమునందును లేదు, నడుమనున్న పలుచని పొరయందే యున్నదని ప్రకటించెను. అంతటితో వాదము ముగియవలసినది. ముగియలేదు. 1741లో ఫ్రెంచి వైద్యుడు పియేర్ బారేర్ ఆఫ్రికావారి నలుపునకు వారి నల్లని పిత్తమే కారణమని గ్రంథము వ్రాసెను. పొరలోని రంగును లోని రసములకంటించుట మనుష్యునికి అంత ఇష్టము. లోపలి రసములకంటించినచో లోపలి గుణమునకంటించుట సులభమగును గదా!

1917లో స్విట్జర్లాండు చర్మవైద్యుడు బ్రూనో బ్లాక్ చర్మపు పలుచని ముక్కలను డోపా యను ద్రావణములో నానవేసి, కొన్ని కణములు మాత్రమే నల్లబడుట చూపెను. రంగును తయారుచేయు పనివా రవియే. అటుతరువాతి పరిశోధకులు ఆ పనివారిని లెక్కించిరి. దేహమందు ఒకేచోటి చర్మమును పోల్చినచో, నల్లవారికిని తెల్లవారికిని ఈ కణముల సంఖ్య ఇంచుమించు సమానమే. భేదమంతయు అవి చేయు రంగుగుళికల పరిమాణమందును, సంఖ్యయందును, పంపకమందును కలదు. ఒక్కొక్క కణము తన కొమ్మలను చాచి, చుట్టునున్న సుమారు 36 కణములకు ఆ గుళికలను పంచిపెట్టును. పుచ్చుకొన్న కణము వానిని తన కేంద్రమునకు పైభాగమున గొడుగువలె పేర్చుకొనును. ఎండలో నాట్లు వేయు కూలివాడు తలపై తుండుగుడ్డ వేసికొనునట్లే, కణము తన ప్రాణస్థానమునకు సూర్యుని వాడికిరణములు తగులకుండ నీడ పట్టుకొనుచున్నది. మనము ఏ నలుపును చూచి సంబంధము తప్పించుకొనుచున్నామో ఆ నలుపు పట్టిన పని యిది.

మన శాస్త్రములను గూర్చియు నొకమాట చెప్పక తప్పదు. చరకసంహిత చికిత్సాస్థానమందు కిలాసమను తెల్లమచ్చల రోగమునకు చెప్పిన హేతువులలో విరుద్ధాహారముతోపాటు అసత్యము, కృతఘ్నత, దేవనింద, గురుధిక్కారము, పూర్వకర్మ కూడ కలవు. ఆ గ్రంథమందు మాకు గౌరవము తక్కువ కాదు. హేతువులను చెప్పిన గ్రంథమే చికిత్సను గూడ చెప్పినది. కాని మనము చికిత్సను మరచి, పాపమును మాత్రము కంఠస్థము చేసితిమి. పదియేండ్ల బాలుడు ఏ గురువును ధిక్కరించెను? గురువే వానిని ధిక్కరించి కడపటి బల్లకు పంపెను.

ఆ వారాంతమున తలిదండ్రులను పాఠశాలకు పిలిచితిమి. మొద్దుపుల్లతో ఒక్కొక్కరి బుగ్గ లోపలి పొరను మెల్లగా తీసి, నీలిరంగు వేసి, పాఠశాల సూక్ష్మదర్శినిలో వారికే చూపితిమి. ఏది ఎవరి కణమో వారిలో నొకరును గుర్తింపలేకపోయిరి. పిదప వైద్యుడు చెప్పినదంతయు వివరించి, "ఇది కుష్ఠు కాదు, బొల్లి. అంటదు. కనుక మీకు భయము వలదు" అని ముగించితిమి. అందఱును తలయూచిరి. ఆక్షేపించిన ముగ్గురిలో ఒకడు బాలుని భుజము తట్టెను. మేము గెలిచితి మనుకొంటిమి.

అందఱును పోయిన తరువాత, కిటికీలు మూయుచున్న మా పాఠశాల బంట్రోతు మావైపు తిరుగక అడిగెను: "మేష్టారూ, అదే పెద్దరోగమై ఉంటే ఆ పిల్లవాణ్ణి ఏం చేసేవారండీ?"

మాకు సమాధానము దొరకలేదు. అతని తల్లికి ఆ రోగము వచ్చి, మందు మ్రింగి, నయమై యిరువదియేండ్లయినదనియు, నేటికిని ఊరిచివర వేరుగా పాకలో నుండుననియు నాడే మాకు తెలిసినది. అప్పుడు మా వాదములోని దోషము కనబడినది. మేము ఒకనిని లోనికి తెచ్చుటకై ఇంకొకరిని గుమ్మము బయట నిలిపితిమి. "వీడు వారిలోనివాడు కాడు" అని చెప్పుటచేత వారిని వెలివేయుట న్యాయమేయని మాటాడకుండనే ఒప్పుకొంటిమి. అంటదు కనుక గౌరవింపుడని చెప్పినచో, గౌరవము మనుష్యునికి గాక పరీక్షాఫలితమునకు దక్కినట్లే.

కుష్ఠును గూర్చి తెలియవలసినదంతయు తెలిసియేయున్నది. 1873లో నార్వేదేశపు బెర్గెను పట్టణమున గెర్హార్డు ఆర్మౌర్ హాన్సెన్ రోగుల గడ్డలనుండి తీసిన పదార్థములో పుల్లలవంటి బీజములను చూచెను. అది శాపము కాదు, పాపము కాదు, వంశదోషము కాదు, ఒక సూక్ష్మజీవియని నాటినుండి తేలినది. నేడు పలుమందులు కలిపి 6 నెలలో 12 నెలలో ఇచ్చినచో రోగము నయమగును. మందు మొదలైన కొలదికాలములోనే ఇతరులకు అంటుట ఆగిపోవును. పెక్కుమంది దేహములు స్వభావముచేతనే దానిని ఎదిరింపగలవు. అయినను మన దేశమున 1898 నాటి కుష్ఠరోగుల చట్టము 2016 వఱకు రద్దు కాలేదు. కుష్ఠును విడాకులకు కారణముగా వివాహచట్టములనుండి తొలగించినది 2019లో. బీజమును చూచుటకును, భార్యాభర్తల నడుమనుండి దాని పేరు తుడుచుటకును నడుమ 146 ఏండ్లు! కుష్ఠు మాట యటుంచుడు. గజ్జిపురుగును 1687లోనే బొనోమో అను ఇటలీ వైద్యుడు చూచి బొమ్మ వేసినను, 1834లో పారిసునందు రెనూచి యను విద్యార్థి సూదిమొనతో తీసి చూపువఱకు పెక్కుమంది వైద్యులే నమ్మలేదు. చూచుట వేరు, చూచినదానికి లోబడుట వేరు.

"అంటురోగ మున్నవానిని దూరముగా నుంచుట తప్పా?" అని చదువరు లడుగవచ్చును. తప్పు కాదు. ఆటలమ్మ పోసిన బిడ్డను కొన్నిదినములు బడికి పంపము. కాని ఆ బిడ్డకు వేళకు అన్నము పెట్టుదుము, తల నిమురుదుము, ఎప్పుడు తగ్గునాయని దినములు లెక్కపెట్టుదుము. జాగ్రత్తకు గడువు కలదు; అసహ్యమునకు గడువు లేదు. దూరముంచుచున్నవారు "ఇంకను ఎన్నాళ్ళు?" అని అడుగుచున్నారా లేదా యన్న దొక్కటియే ఈ రెంటిని వేరుచేయు పరీక్ష. బంట్రోతు తల్లి విషయమున ఇరువదియేండ్లుగా ఆ ప్రశ్న నెవరును అడుగలేదు.

అట్లని సూక్ష్మదర్శినియే మనకు ధర్మమును నేర్పునని చెప్పలేము. బీజమును కనుగొన్న హాన్సెనే 1879లో, అది అంటుకొనునని నిరూపింపగోరి, ఆస్పత్రిలోని యొక స్త్రీ కంటిలో ఆమె అనుమతి లేకుండ ఇంకొక రోగి దేహపదార్థమును సూదితో ఎక్కించెను. ఆమె ఫిర్యాదుపై 1880లో బెర్గెను న్యాయస్థానము ఆయనను ఆస్పత్రి యుద్యోగమునుండి తొలగించెను. రోగబీజమును చూచిన కన్ను రోగిని చూడలేకపోయినది. గాజుబిళ్ళ యబద్ధమును పోగొట్టగలదు. ఆ ఖాళీ చోట దయను పెట్టుట మన పనియే.

మరునాడు బాలుని మొదటి బల్లకు తెచ్చి, తరగతియందఱి యెదుట "తప్పు మాది" అని చెప్పితిమి. వాడు తలవంచుకొని నవ్వెను. తరువాతి ఆదివారమున బంట్రోతుతోకూడ అతని తల్లిని చూడబోయితిమి. ఆమె వ్రేళ్ళు కొన్ని ముడుచుకొనియున్నవి. రెండు అరచేతుల నడుమ గ్లాసు పట్టుకొని మజ్జిగ తెచ్చి, "తాగండి బాబూ" అనెను. ఈ వ్యాసమందు వ్రాసినదంతయు అప్పటికే మాకు తెలియును. తెలిసియు, గ్లాసు అందుకొనబోవు మా చేయి ఒక్క క్షణము వెనుకాడినది. ఆమె చూచెను. తరువాత మేము త్రాగితిమి, మజ్జిగ బాగున్నదంటిమి, కాని ఆమె చూచుట చూచుటయే.

తలకు తెలిసినది చేతికి తెలియుటకు ఇంకను కాలము పట్టునని నాడు మాకు బోధపడినది. పిల్లకు మచ్చ కనబడినచో దాచక వైద్యునికి చూపుడు. రోగము పేరు గుసగుసలాడక పలుకుడు. పెండ్లిమాటలలో చాయ నడుగుట మానుడు. ఇవి చేయదగిన పనులు, కష్టమైనవియు కావు. ఆ వెనుకాడిన క్షణమును మాత్రము ఎవరికి వారే పట్టుకొని చూచుకొనవలెను. మేము చూచుకొనుచున్నాము. ఆమె యింటికి మరల పోయి వచ్చుచున్నాము.