తెలియక చేసిన హాని: ఇంటి యంత్రాలూ రేడియో గరగరా

ఇంట్లోని దాదాపు ప్రతి ఎలక్ట్రానిక్ పరికరమూ తన పని తాను చేసుకుంటూనే, ఎవరూ కోరని రేడియో తరంగాలను కొంత బయటికి వదులుతుంది. సెల్‌ఫోను చార్జరు, ఎల్ఈడీ బల్బు, ఇన్వర్టరు, ఫ్యాను రెగ్యులేటరు, టీవీ పెట్టె: వీటిలో ఏదీ ప్రసారం కోసం తయారైనది కాదు. అయినా పక్కింటి రేడియోలో గరగర, టీవీ బొమ్మలో చీలికలు, ఇంటర్నెట్ లైనులో అంతరాయాలు వాటి వల్ల పుట్టవచ్చు. యజమానికి ఆ సంగతి తెలియదు. తెలుసుకోవడానికి తగిన ఇంద్రియమూ మనిషికి లేదు. తెలియక చేసిన హాని దోషమవుతుందా అన్న పాత ప్రశ్నకు ఇంతకంటే కల్తీలేని ఉదాహరణ దొరకడం కష్టం. ఇక్కడ ద్వేషం లేదు, అత్యాశ లేదు, చూడకుండా కాలు వేసిన తొందరపాటు కూడా లేదు. స్విచ్చి వేయడం ఒక్కటే ఉంది.

హాని ఎలా పుడుతుందో చూస్తేనే ప్రశ్న లోతు తెలుస్తుంది. పాత అడాప్టర్లలో బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఉండేది. అది 50 హెర్ట్జ్ కరెంటును ఉన్నదున్నట్టే తీసుకుని వోల్టేజీ దించేది. ఇప్పటి చార్జర్లు తేలికగా, చౌకగా ఉండటానికి కారణం స్విచింగ్ పద్ధతి. అవి కరెంటును సెకనుకు వేల నుంచి లక్షల సార్లు తెంచి కలుపుతూ కావలసిన వోల్టేజీని తయారు చేస్తాయి. ఆ తెంపు ఎంత పదునుగా ఉంటే వేడి అంత తగ్గుతుంది, కరెంటు అంత ఆదా అవుతుంది. కానీ ఆ పదునే మూల పౌనఃపున్యానికి రెండింతలు, పదింతలు, వందింతల దగ్గర కూడా శక్తిని చిమ్ముతుంది. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారం 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ఒక చార్జరు 60 కిలోహెర్ట్జ్ వేగంతో తెంచి కలుపుతుంటే, దాని పద్నాలుగో రెట్టు 840 దగ్గర పడుతుంది. రెండింటికీ తేడా 3 కిలోహెర్ట్జ్. వార్తల వెనక సన్నగా వినిపించే ఈల ఆ తేడాయే. చార్జరు వేడెక్కి దాని వేగం కాస్త మారితే ఈల స్వరమూ జారుతుంది. చార్జరు పెట్టె చిన్నది కాబట్టి ఈ తరంగాలను తనంతట తాను దూరం పంపలేదు. దానికి తగిలించిన తీగ, గోడలో సాగిన వైరింగు యాంటెన్నాలై ఆ పని చేస్తాయి. ఎవరూ అనుకోకుండానే ఇల్లంతా ఒక ట్రాన్స్‌మిటరు అవుతుంది.

అమెరికాలో ఆర్‌వీ అని పిలిచే సంచార గృహాలలో ఇదే సమస్య ఇరుకున పడి మరింత తీవ్రమవుతుంది. పడక, వంటిల్లు, ఫ్రిజ్, టీవీ అన్నీ ఒకే బండిలో ఉంటాయి. పైకప్పు మీద సోలారు పలకలు, లోపల వాటి చార్జ్ కంట్రోలరు, 12 వోల్టుల బ్యాటరీ, దాన్ని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరు, వరుసగా ఎల్ఈడీ దీపాలు ఉంటాయి. వీటిలో ఎక్కువ భాగం తెంచి కలిపే పద్ధతివే. పలకల నుంచి దిగే పొడవాటి తీగలు యాంటెన్నాలవుతాయి. రేడియో, టీవీ యాంటెన్నా అదే కప్పు మీద, రెండు మూడు మీటర్ల దూరంలో ఉంటుంది. ఎఫ్ఎం స్టేషను పట్టుకోలేక యజమాని స్టేషనునే తప్పుపడతాడు. దీపాలన్నీ ఆర్పితే ఆ స్టేషను స్పష్టంగా పలుకుతుంది. ఇక్కడ హాని చేసినవాడూ పడినవాడూ ఒక్కడే కాబట్టి సంగతి త్వరగా బయటపడుతుంది. ఇంటి విషయంలో అలా కాదు. గరగర గోడ దాటి వెళ్తుంది, దాన్ని అనుభవించేది మరొకరు.

వేల్స్‌లోని అబర్‌హోసాన్ అనే చిన్న పల్లెలో జరిగినది ఇందుకు మంచి దృష్టాంతం. అక్కడ ఏడాదిన్నర పాటు ప్రతి ఉదయం ఏడు గంటలకు ఊరి ఇంటర్నెట్ మొత్తం కుంటుపడేది. కేబుళ్లు మార్చినా ఫలితం లేకపోయింది. చివరికి ఇంజినీర్లు స్పెక్ట్రమ్ ఎనలైజరు పట్టుకుని తెల్లవారుజామున ఊరంతా తిరిగారు. ఒక ఇంట్లో పొద్దున్నే వేసే పాత టీవీ నుంచి బలమైన విద్యుత్ అలజడి వస్తోందని తేలింది. సంగతి తెలిసి ఆ ఇంటివారు సిగ్గుతో కుంగిపోయారు, ఆ టీవీని మళ్లీ వేయబోమని అక్కడికక్కడే ఒప్పుకున్నారు. ఇది 2020లో వార్తల్లోకి వచ్చింది. 2004లో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో ఒక టీవీ 121.5 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగాలు వదిలింది. అది విమానాలు, పడవలు ఆపదలో పిలిచే పౌనఃపున్యం. ఉపగ్రహం ఆ పిలుపును పట్టుకుంది, రక్షక బృందం ఆ ఇంటి తలుపు తట్టింది. ఆ సమయంలో నిజంగా ఆపదలో ఉన్నవారు మరెక్కడైనా ఉండి ఉంటే, వారికి అందవలసిన సాయం ఒక టీవీ దగ్గరికి నడిచి ఉండేది.

ఈ రెండు ఇళ్లవారూ దోషులా? అబర్‌హోసాన్‌వారి సిగ్గుకు అర్థం ఏమిటి? ఏ తప్పూ చేయనివారు ఎందుకు సిగ్గుపడాలి?

భారతీయ సంప్రదాయాలు ఈ ప్రశ్నను ఒక్క తీరున తీర్చలేదు. రామాయణంలో దశరథుడు చీకట్లో కుండ నిండే చప్పుడు విని, ఏనుగు నీళ్లు తాగుతోందనుకుని శబ్దవేధి బాణం వేస్తాడు. తాపసకుమారుడు చనిపోతాడు. తెలిసి చేసి ఉంటే నీ తల ముక్కలయ్యేది అంటాడు గుడ్డి తండ్రి. తెలియక చేశావు గనుక బతికావు, కానీ పుత్రశోకంతోనే పోతావని శపిస్తాడు. తెలియనితనం శిక్షను తగ్గించింది, తుడిచివేయలేదు. భారతంలో మాండవ్యుడి కథ మరో వైపు లాగుతుంది. బాల్యంలో పురుగులను పుల్లతో గుచ్చినందుకు తనను శూలం ఎక్కించారని తెలిసి ఆ ముని ధర్మదేవతనే శపించాడు, పసివయసు పనులకు పాపం అంటదని కొత్త మర్యాద విధించాడు. బౌద్ధంలోనూ రెండు గొంతులున్నాయి. కర్మ అంటే చేతనే, అంటే సంకల్పమే, అన్నది బుద్ధుడి ప్రధాన బోధ. ధమ్మపద వ్యాఖ్యలో గుడ్డి భిక్షువు చక్షుపాలుడి కాళ్ల కింద పురుగులు చచ్చినా అతనికి దోషం లేదంటారు. మిళిందపన్హలో నాగసేనుడు మాత్రం, తెలియక పాపం చేసినవాడికే కీడు ఎక్కువ అంటాడు. కాలిన ఇనుప గుండును తెలియక పట్టుకున్నవాడి చెయ్యే ఎక్కువ కాలుతుందని అతని వాదం. పైపైన విచిత్రంగా తోచినా ఇందులో లోతు ఉంది. తెలియనివాడు ఆపడు. తెలిసి చేసేవాడికైనా ఎక్కడో ఒక చోట చెయ్యి వెనక్కి తీసుకునే అవకాశం ఉంటుంది. ఏడాదిన్నర పాటు రోజూ ఏడు గంటలకు ఆ టీవీ వెలగడానికి కారణం అదే.

అనంతపురం ప్రాంతంలోని కొనకొండ్లతో సంప్రదాయం ముడిపెట్టే కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో ఇంకా స్పష్టమైన గీత గీశాడు. ప్రాణి చచ్చినా బతికినా, జాగ్రత్త లేకుండా నడిచేవాడు హింసకుడే. జాగ్రత్తగా నడిచేవాడి వల్ల అనుకోకుండా హాని జరిగినా అతనికి కర్మబంధం లేదు. ఈ లెక్కన ప్రశ్న సంకల్పం మీద నుంచి జాగ్రత్త మీదికి మారుతుంది. కానీ జాగ్రత్త పడాలంటే ముందు ప్రమాదం ఉందని తెలియాలి. జైన సాధువు నేల చూసి నడవగలడు, 840 కిలోహెర్ట్జ్‌ను చూడటం ఎవరికీ సాధ్యం కాదు.

గృహస్థుకు సూటిగా పనికివచ్చే ఆలోచన ధర్మశాస్త్రంలో ఉంది. అది పంచసూనల భావన. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్ల కుండ: ఈ ఐదూ గృహస్థు ఇంట్లోని వధ్యస్థానాలని మనుస్మృతి అంటుంది. వాటిని వాడే ప్రతి రోజూ కంటికి ఆనని ప్రాణులు చస్తాయి. ఆ దోషం తీరడానికే పంచమహాయజ్ఞాలు: అధ్యయనం, పితృతర్పణం, హోమం, భూతబలి, అతిథిసేవ. మనుస్మృతిలో ఎన్నో భాగాల మీద న్యాయమైన విమర్శలున్నాయి, ఉండాలి కూడా. కానీ ఈ ఒక్క భావనలోని నైతిక సూక్ష్మత అరుదైనది. ఇది పొయ్యి ఆర్పేయమనదు, బతుకు సాగాలంటే పొయ్యి వెలగాలని ఒప్పుకుంటుంది. నీ ఉద్దేశం ఏమిటని అడగదు. ఎన్ని ప్రాణులు చచ్చాయో లెక్క చెప్పమనదు. వాడకంలోనే హాని ఉందని ముందుగా చెప్పి, ఆ వాడకంతో పాటే ఒక నిత్యవిధిని కడుతుంది. పైగా ఆ విధిలో కొంత భాగం సాటి జీవులకూ, గడప తొక్కిన పరాయివారికీ చేసే సేవ. చచ్చిన పురుగును వెతికి పట్టుకోలేని గృహస్థు తన ఋణాన్ని లోకానికి తీరుస్తాడు. చార్జరు, బల్బు, ఇన్వర్టరు నేటి ఇంటి సూనలు. అవి ప్రాణం తీయవు. అయినా మిగతా లక్షణాలన్నీ సరిపోతాయి: నిత్యం వాడకం, కనిపించని బాధితుడు, సంకల్పం లేని హాని.

ఇక్కడ ఒక తేడా మరువరాదు. రోలు తయారు చేసినవాడికి పురుగు చావుతో పని లేదు. చార్జరు తయారీదారు సంగతి వేరు. గరగరను ఆపే ఫిల్టరు ఎలా పెట్టాలో అతనికి తెలుసు. ఫిల్టరు భాగాలకు సర్క్యూటు పలక మీద చోటు వదిలి, వాటిని బిగించకుండా అమ్మిన చౌక సరుకు బజారులో ఉంది. గృహస్థుది తెలియని హాని, ఇది తెలిసి చేసిన హాని. రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

చట్టం తన దారిన తాను దాదాపు ఇదే చోటికి చేరింది. రేడియో అంతరాయాల మీద అంతర్జాతీయ సంఘం సిస్పర్ 1934 నుంచి పనిచేస్తోంది, ఒక్కో రకం పరికరం ఎంత అలజడి వదలవచ్చో హద్దులు పెడుతుంది. అమెరికా కమ్యూనికేషన్ల కమిషను నిబంధనల ప్రకారం ఎన్నో పరికరాల వెనక రెండు షరతులు ముద్రించి ఉంటాయి: ఈ పరికరం హానికరమైన అంతరాయం కలిగించకూడదు, తనకు వచ్చే అంతరాయాన్ని భరించాలి. అహింస, తితిక్ష రెండూ ఒక చీటీ మీద పక్కపక్కనే ఉన్నాయన్నమాట. హద్దుల లోపలే ఉన్న పరికరమైనా హాని చేస్తోందని తేలితే ఆపవలసిందే, తెలియదన్న సాకు చెల్లదు. అయితే ఈ హద్దుల్లో ఒక లోటు ఉంది. పరీక్ష ఒక్కో పరికరానికి విడిగా జరుగుతుంది. ముప్పై పరికరాలున్న ఇంట్లో ప్రతి ఒక్కటీ హద్దులో ఉండి, మొత్తం కలిసి రేడియోను ముంచేయవచ్చు. అప్పుడు దోషం ఎవరిదని అడిగితే ఏ ఒక్క పరికరమూ దొరకదు.

ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ 1959లో రేడియో పౌనఃపున్యాల గురించి రాస్తూ, హాని ఎప్పుడూ రెండు వైపులా ఉంటుందని వాదించాడు. ఒకరిని ఆపితే అది అతనికి హాని, కాబట్టి ఇద్దరూ బేరమాడుకోవాలన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎరిగినప్పుడు ఆ వాదం బలమైనదే. ఎదుటివాడు ఎవరో తెలియని చోట బేరం కుదరదు. పైగా వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని భారత సుప్రీంకోర్టు 1995లో, క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో చెప్పింది. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆకాశాన్ని ఒకటే అని, సర్వవ్యాపి అని నిర్వచించాడు. ఆయన ఆకాశం శబ్దానికి ఆశ్రయమైన ద్రవ్యం. దానికి రేడియో తరంగాలతో పని లేదు, ఉందని చెప్పడం అతిశయోక్తి. కానీ గోడలు కట్టి విభజించలేనిది, అందరికీ ఒకటే అయినది మనుషుల మధ్య ఉందన్న ఊహ మాత్రం రేడియో విషయంలో అక్షరాలా నిజం.

ఈ ఉమ్మడి ఆస్తిలో అందరికంటే నిస్సహాయులు వినేవారు. మాట్లాడేవాడు గొంతు పెంచగలడు, వినేవాడు ఏమీ చేయలేడు. తుపానుకు సెల్‌ఫోను టవర్లు కూలిన తీరంలో బలహీనమైన పిలుపు కోసం చెవి ఒగ్గే హ్యామ్ (ఔత్సాహిక రేడియో) ఆపరేటరు అలాంటివాడు. ఖగోళ శాస్త్రవేత్త మరీను. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ కాగితం మీద చూసిన చిన్న గీతల అలజడి మొదట భూమి మీది అంతరాయంలాగే కనిపించింది. ఆమె వదలకుండా పరిశీలించింది గనుక పల్సార్లు బయటపడ్డాయి. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపులో దీనికి తలకిందులుగా జరిగింది. 1998 నుంచి అప్పుడప్పుడు నమోదైన వింత సంకేతాలకు కారణం 2015లో తేలింది. ఆవరణలోని మైక్రోవేవ్ ఓవెన్ పని ముగియకముందే ఎవరో తలుపు తెరవడం వల్ల అవి పుట్టాయి. ఆ టెలిస్కోపే పట్టుకుని, 2007లో ప్రకటించిన నిజమైన సుదూర విస్ఫోట సంకేతాన్ని కూడా ఈ వింత సంకేతాల కారణంగా కొన్నేళ్లు అనుమానించారు. ఇది గరగర చేసే హానిలో లోతైనది. అది సత్యాన్ని కప్పడమే కాక, సత్యాన్ని నమ్మదగనిదిగా చేస్తుంది. ఆ తలుపు తెరిచినవారు ఆకాశాన్ని వినడం కోసమే ఏర్పడిన చోట పనిచేసేవారు. ఎంత శ్రద్ధ ఉన్నవారైనా దీనికి అతీతులు కారు.

కాబట్టి గృహస్థు విషయంలో దోషం గరగర పుట్టిన క్షణంలో లేదు. తెలుసుకునే వీలుండీ తెలుసుకోకపోవడంలో, తెలిసీ ఆపకపోవడంలో ఉంది. తెలుసుకోవడం కష్టమూ కాదు. బ్యాటరీతో నడిచే మీడియం వేవ్ రేడియోను ఏ స్టేషనూ లేని చోట పెట్టి, ఇంటి మెయిన్ స్విచ్చి ఆపి వినాలి. ఇన్వర్టరు, సోలారు ఉన్న ఇంట్లో వాటినీ విడిగా ఆపాలి. గరగర మాయమైతే మూలం ఇంట్లోనే ఉంది. తరువాత ఒక్కో స్విచ్చీ వేస్తూ పోతే ఆ పరికరం దొరుకుతుంది. దాని తీగను ఫెరైట్ రింగు చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పితే చాలావరకు తగ్గుతుంది. సోలారు తీగలు రెండింటినీ పక్కపక్కనే మెలివేసి నడపాలి, వాడని చార్జరును ప్లగ్గు నుంచి తీసేయాలి. దేనికీ లొంగని పరికరాన్ని మార్చాలి. పక్కింటివారు తమ రేడియో పలకడం లేదని చెప్పిన రోజున ఈ పరీక్ష తప్పనిసరి. వారు చెప్పకపోయినా కొత్త పరికరం ఇంటికి తెచ్చిన ప్రతిసారీ ఒకసారి చేసి చూడాలి. అందుకు చిన్న రేడియో ఒకటి, గంట తీరిక చాలు.