ఏది సంఘ సంగీతము?

ధ్యాన భాగములు: ఎఫెసీ. 5:19; కొలొస్స. 3:16



క్రిస్మసు దినములు సమీపించినప్పుడెల్ల మన గ్రామ సంఘములలో ఒక తగవు లేచుచుండును. యౌవనులు డప్పు కావలెనందురు. పెద్దలు, అది జాతర వాద్యము, ఆరాధనకు తగదందురు. కొందరికి కీర్తనయే పాట, భజన పాట కాదు. మరికొందరికి కీబోర్డు లేనిది పాటయే కాదు. అందరి ప్రశ్నయు ఒక్కటే: ఏది క్రైస్తవ సంగీతము, ఏది కాదు?

పౌలు ఎఫెసీయులకును కొలొస్సయులకును వ్రాయుచు పాటలను మూడు పేళ్లతో చెప్పెను. గ్రీకు మూలమున రెండు పత్రికలలోను అవే మూడు మాటలు, అదే వరుసలో ఉన్నవి. మన తెలుగు బైబిలు తెరచి చూడుడి. ఎఫెసీ పత్రికలో మొదటిది కీర్తన, రెండవది సంగీతము, మూడవది పాట. కొలొస్సయి పత్రికలో మొదటిది సంగీతము, రెండవది కీర్తన, మూడవది పద్యము. అనువాదకులను నేను తప్పుపట్టను. పాటల జాతులకు హద్దులు గీయుట ఎంత కష్టమో దీనివలన తెలియుచున్నది. పౌలు సహితము ఆ మూటికిగల భేదమును వివరింపలేదు.

మన ప్రాంతపు పెద్దలును ఈ పనికి పూనుకొనిరి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు, వాలేశు పదములు అని ప్రజల పాటలను పేరుపేరున చెప్పెను. గొబ్బి పాట ఎట్టిదో మనమెరుగుదుము; వాలేశు పదము ఎట్టిదో నేడు నిశ్చయముగా చెప్పుట కష్టము. పేరు నిలిచెను, పాట జారిపోయెను. ఓరుగల్లు నేలిన గణపతిదేవుని సేనాని జాయప, 13వ శతాబ్దమున నృత్తరత్నావళి వ్రాసి, నృత్తమును మార్గమనియు దేశియనియు విభజించెను. అయినను దేశిని తోసివేయలేదు. ఎనిమిది అధ్యాయములలో నాలుగు దానికే ఇచ్చెను.

ఇక మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల మాట. పురుషోత్తము చౌదరిగారు (1803–1890) కర్ణాటక రాగ తాళములలో ప్రభువును స్తుతించిరి. ఆ రాగములను క్రైస్తవులు పుట్టించిరా? లేదు. ఆనందభైరవి పల్లె పాటలలోనుండి శాస్త్రీయ సంగీతములోనికి వచ్చినదని విద్వాంసులు చెప్పుదురు. అది కూచిపూడి భాగవతులకును చెల్లినది, మన కీర్తనలకును చెల్లినది. నేడు మనము అసలైన సంఘ సంగీతమనునది ఒకనాడు పొరుగువారి ఇంటి రాగమే గదా!

డప్పు సంగతి చూతము. ఎఱ్ఱ సముద్రము దాటిన దినమున మిర్యాము తంబురను చేత పట్టుకొనెనని చదువుచున్నాము (నిర్గమ. 15:20). అక్కడి హెబ్రీ మాట 'తోఫ్'. అది తీగెలుగల తంబుర కాదు. చట్రమునకు తోలు బిగించి చేతితో వాయించు వాద్యము. 150వ కీర్తనలోను అదే మాట. మన డప్పును పుల్లలతో వాయింతురు గాని, చేయు విధమునుబట్టి చూడగా తంబురకంటె డప్పే దానికి దగ్గర చుట్టము.

అట్లయిన మన ఏవగింపు ఎక్కడిది? వాద్యము మీదిదా, దానిని చేసి వాయించిన చేతుల మీదిదా? మనలో అనేకుల తాతలు తోలు పని చేసినవారు. వారిని ఊరి వెలుపల ఉంచినవారే వారి వాద్యమును కూడ నీచమనిరి. ఆ తీర్పును మనము సంఘములోనికి మోసికొనివచ్చి, దానికి పరిశుద్ధతయని పేరు పెట్టవచ్చునా?

అయినను పెద్దల మాటలో సత్యము లేకపోలేదు. ఆ శబ్దము వినగానే తాను విడిచివచ్చిన బలులును కల్లు కుండలును జ్ఞాపకమునకు వచ్చు సహోదరుడు ఉండవచ్చును. అతని మనస్సాక్షి నిమిత్తము కొంతకాలము ఆగుట ప్రేమయే (1 కొరింథీ. 8). కాని బలహీనుని కొరకు ఆగుట వేరు, వాయించువానిని అపవిత్రుడనుట వేరు.

మరి పేళ్లు అక్కరలేదా? కావలెను. స్తుతి, పశ్చాత్తాపము, సిలువ శ్రమలు అను విభాగములు లేనియెడల పాటల పుస్తకములో పాట దొరకదు. అయితే పేరు పాటను వెదకుటకే గాని మనుష్యులకు తీర్పు తీర్చుటకు కాదు. ఆమోసు దినములలో ఇశ్రాయేలీయులు పాడినవి ఆరాధన పాటలే, వాయించినవి స్వరమండలములే. వాటి జాతిలో ఏ లోపమును లేదు. అయినను న్యాయము లేనందున దేవుడు వాటిని వినననెను (ఆమోసు 5:23, 24).

కాబట్టి సంఘ పెద్దలారా, ఈ తగవు మీ యెదుటికి వచ్చినప్పుడు మూడు సంగతులు విచారించుడి. పాటలోని మాట వాక్యమునకు సరిపడునా? చదువురాని అవ్వకును చిన్నపిల్లవానికిని అది అర్థమగునా? దానిని పాడుటవలన గాని మాన్పించుటవలన గాని ప్రభువు కొన్న ఒక ఆత్మ అవమానము పొందుచున్నదా? వీటికి జవాబు దొరికిన తరువాత అది ఏ జాతి పాటయో తేలకపోయినను నష్టము లేదు.

ప్రభువా, మా నోళ్లకంటె ముందు మా చెవులను పవిత్రపరచుము. ఆమేన్.