అడ్వాన్సు ఎవరి సొమ్ము?

గరివిడిలో మా వీధి కుట్టుపని అక్క జాకెట్టుకి ముందే సగం డబ్బు అడుగుతుంది. లైనింగు, దారం కొనాలి కదా! ఆలస్యమైతే ఆమె గుమ్మంలో నిలబడి అడుగుతాం.

అగ్రిగోల్డ్ కూడా స్థలాలిస్తామని ముందే వాయిదాలు కట్టించుకుంది. 2015 నాటికి సుమారు 32 లక్షల మంది సొమ్ము, దాదాపు 6,380 కోట్లు, ఇరుక్కుపోయింది. అందులో పోపులడబ్బాల్లో దాచుకున్నదెంతో! కంపెనీ గుమ్మం దొరకనివాళ్ళు ఊళ్ళో ఏజెంటునే నిలదీశారు. 2019లో, 2021లో ప్రభుత్వం చిన్న డిపాజిటర్లకి చెల్లించింది, ప్రజల ఖజానాలోంచి.

ముందు తీసుకోవడం తప్పు కాదు. కానీ వస్తువు చేతికందేదాకా ఆ డబ్బు ఇచ్చినవాళ్ళదే. మా డబ్బు లైనింగుగా మారి అక్క మిషను పక్కనే కనిపిస్తుంది. అయినా ఆమెనే అనుమానిస్తాం. లెక్క చూపించమని కంపెనీని ఎందుకు అడగలేకపోయాం?